చిప్ దొరకని ఇల్లు

నాకు ముక్కు మీదే కోపం అని మా అమ్మ అందరితో చెప్పేది. అది నిజం కాదని నేనెవరితోనూ వాదించలేదు. వాదిస్తే కోపం వచ్చేది. అయితే మనుషుల మీద వచ్చే కోపం వేరు. చిటికెనవేలంత పొడవుండే ఒక నల్లటి చిప్ మీద, నలభై కాళ్లు తప్ప నోరూ వాయీ లేని వస్తువు మీద, కళ్లలో నీళ్లు తిరిగేంత కోపం వస్తుందని పెళ్లయి లక్డారం ఊరికి వచ్చాకే తెలిసింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఏడాది కూడా కాలేదు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, పటాన్‌చెరులో ఒక చిన్న కంపెనీలో సోల్డరింగ్ లైన్‌లో పనిచేసేదాన్ని. పొద్దున కంపెనీ బస్సు ఊరి రోడ్డు మీద ఎక్కించుకుని సాయంత్రం అక్కడే దింపేది. మా ఆయన కెమికల్ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాడు. ఇంట్లో ఉంటే నిద్రపోయేవాడు, నిద్ర లేస్తే షిఫ్టుకు వెళ్లేవాడు. కాబట్టి ఆ ఇంట్లో నాకు మాట్లాడడానికి మిగిలింది అత్తమ్మా, మామా. అత్తమ్మ మాట్లాడదు. మామ వినడు.

మామకు ఊరవతల బోరు కింద పొలం ఉంది. మంచి రైతు. ఇంట్లో ఏది చెడిపోయినా ఎవరినీ పిలవకుండా తానే బాగుచేసుకుంటానని గర్వం కూడా ఉండేది. ఆయన బోరు మోటారుకు మూడు ఫేజుల కరెంటు కావాలి. మూడింటిలో ఒకటి పోయినా మోటారు ఆగదు, మూలుగుతూ తిరుగుతుంది, అలా తిరిగితే లోపలి తీగ కాలిపోతుంది. ఆ ఏడు అది ఒకసారి కాలింది, బాగుచేయించాక మళ్లీ కాలింది. రెండోసారి మోటారును బోరులోంచి పైకి లాగించి వచ్చిన రోజు మామ అన్నం ముందు కూర్చుని అందరినీ తిట్టాడు. కరెంటోళ్లను తిట్టాడు, మెకానిక్‌ను తిట్టాడు, చివరికి నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు పొద్దుగాల పోయి పొద్దుమూకినంక వస్తవు. మీ అత్తకు మోకాళ్లు నొస్తున్నయ్. కూసుంటె లేవొస్తలేదు. ఇంట్ల పని ఎవరు చెయ్యాలె? ఇగ బంద్ చెయ్యి గా కంపినీ" అన్నాడు.

మోటారు కాలడానికీ నా ఉద్యోగానికీ సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు. పొద్దున్నే ఆ బస్సు ఎక్కకపోతే నాకు ఊపిరాడదన్నది మాత్రం బాగా అర్థమైంది. ఆ మాట పైకి అనలేను కదా. అందుకని ఇంకో మాట అన్నాను.

"మామా, ఒక ఫేజు పోంగనే మోటర్‌ను ఆపే డబ్బ నేను చేస్త. ఇగ మోటర్ కాలదు."

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. "నువ్వా?"

"నేనే."

"చెయ్యి మరి. యాసంగి నాట్లు మొదలయ్యేలోపట చేసి చూపెట్టు. గది పనిచేస్తె కంపినీకి పో, నేను మల్ల నోరు తెరువ. కాకపోతె ఇంట్ల ఉండు. మాట మాటనే."

అత్తమ్మ చారు పోసింది. అలాంటి డబ్బాలు హైదరాబాదు అంగళ్లలో తయారుగా దొరుకుతాయన్న సంగతి నేను ఎత్తలేదు.

నేను చేయదలచుకున్న డబ్బాకు మెదడు ఆ నలభై కాళ్ల చిప్పే. మైక్రోకంట్రోలర్ అంటారు. కొత్తగా కొన్నప్పుడు దానికి ఏమీ తెలియదు. ఏ ఫేజు పోతే ఏం చేయాలో మనం కంప్యూటర్‌లో రాసి దాని లోపలికి ఎక్కించాలి. అలా ఎక్కించడానికి ప్రోగ్రామర్ అనే ఇంకో బోర్డు కావాలి. అది నేనే తయారు చేసుకున్నాను, ఒక ఎలక్ట్రానిక్స్ పత్రికలో వేసిన సర్క్యూట్ చూసి, కోఠి సందుల్లో సామాను ఏరుకొచ్చి. కంప్యూటర్ నా పెళ్లికి ముందు నుంచీ నాతో ఉన్న పాతది. ఊళ్లో కరెంటు హెచ్చుతగ్గులకు కాలిపోకుండా దాన్ని స్టెబిలైజర్ మీద నడిపేదాన్ని. ప్రోగ్రామర్‌కు కావలసిన కాస్త కరెంటు కోసం ఒక చిన్న అడాప్టర్‌ను గోడకున్న సాకెట్‌లో పెట్టాను. చిప్‌ను బోర్డు మీద కూర్చోబెట్టాను. బటన్ నొక్కాను.

తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. డివైస్ నాట్ ఫౌండ్.

అంటే చిప్ అక్కడ లేదట. నా కళ్ల ముందే ఉంది. వేలితో నొక్కి చూశాను, ఉంది. మళ్లీ బటన్ నొక్కాను. లేదట.

మొదట చిప్ చచ్చిపోయిందనుకుని ఇంకొకటి తెచ్చాను. అదీ దొరకలేదు. వైరు మార్చాను. వైరులోని ఒక్కొక్క తీగకూ మీటర్ పెట్టి చూశాను. తీగ తెగకుండా ఉంటే మీటర్ కూస్తుంది, అన్నింటికీ కూసింది. కంప్యూటర్ సెట్టింగ్‌లు మార్చాను. పత్రికలో బొమ్మ తప్పు అచ్చయిందేమోనని చిప్ గురించి వివరంగా రాసిన కాగితాలతో కాలు కాలుకూ సరిచూశాను. చివరికి నా సోల్డరింగ్‌నే అనుమానించాల్సి వచ్చింది. రోజంతా జీతానికి చేసే పనిలో తప్పు వెతుక్కోవడం ఎంత అవమానమో చెప్పలేను. అయినా ప్రతి అతుకునూ కరిగించి మళ్లీ పెట్టాను. చిప్‌కు అయిదు వోల్టులు అందాలి. చిప్‌ను పక్కన తీసి పెట్టి, దాని కాలు కూర్చునే చోట మీటర్ పెట్టి కొలిచాను. సరిగ్గా అయిదే ఉన్నాయి. అక్కడ తప్పు లేదని రూఢి చేసుకుని మళ్లీ ఆ వైపు చూడలేదు.

మామ పొలం నుంచి వస్తూ మా గది గుమ్మంలో నిలబడేవాడు.

"ఏమాయె? దొర్కిందా?"

"దొర్కుతది మామా."

"నారు ఎదుగుతున్నది మరి" అనేసి వెళ్లిపోయేవాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు తెల్లవారాక, బస్సుకు ఇంకా టైం ఉందని ఊరికే కూర్చుని బటన్ నొక్కాను. పచ్చటి అక్షరాలు వచ్చాయి. చిప్ దొరికింది! నేను అరిచిన అరుపుకు మా ఆయన నిద్రలోంచి లేచి దొంగలు పడ్డారా అని అడిగాడు. మురిసిపోతూ బస్సెక్కాను. సాయంత్రం వచ్చి కాళ్లయినా కడుక్కోకుండా కూర్చుని నొక్కితే, డివైస్ నాట్ ఫౌండ్. పొద్దున ఉన్నది సాయంత్రానికి ఎక్కడికి పోయింది? మర్నాడు పొద్దున మళ్లీ దొరికింది. సాయంత్రం మళ్లీ లేదు. నాకు మతి పోయింది. యంత్రం చెడితే చెడాలి, లేకపోతే పనిచేయాలి. ఇలా పూటకో మాట చెప్పడం నేనెక్కడా చూడలేదు. సరే, దొరికిన పూటే పని కానిచ్చేద్దామంటే, నేను రాసింది ఇంకా తప్పుల తడకగా ఉంది. రాయడం, ఎక్కించడం, చూడడం, దిద్దడం, మళ్లీ ఎక్కించడం, ఇలా వంద సార్లయినా చేయాలి. బస్సుకు ముందు మిగిలే ఆ కాసేపట్లో ఎక్కడవుతుంది?

ప్రోగ్రామర్‌ను చీర ముక్కలో చుట్టుకుని కంపెనీకి తీసుకెళ్లాను. టెస్టింగ్ సెక్షన్‌లో నాకంటే సీనియర్ అక్క ఒకామె ఉండేది. భోజనం వేళ ఆమె బల్ల మీద పెట్టి నడిపి చూశాం. పెట్టగానే దొరికింది. తీసి పెట్టాం, దొరికింది. అక్క నా ముఖం వంక చూసింది.

"మంచిగనే ఉంది గదనే. మీ ఇంట్లనే ఏమన్న ఉన్నదేమో సూడు" అని నవ్వింది.

నేను కూడా నవ్వాను. ఆ మాట నిజమని తెలిసుంటే నవ్వేదాన్ని కాదు.

రేపు నాట్లనగా ఆ రోజు నాకు సెలవు. మా ఆయన పగటి షిఫ్టుకు వెళ్లాడు. మామ నారుమడి దగ్గరికి వెళ్లాడు. ఈ రోజు తేలకపోతే రేపటి నుంచి బస్సు లేదని తెలిసి పొద్దున్నే యంత్రం ముందు కూర్చున్నాను. మా గది కిటికీలోంచి పెరడు కనిపిస్తుంది. అత్తమ్మ చెంబుతో వచ్చి, గోడ వార ఉన్న చిన్న గుంటలో నీళ్లు పోస్తోంది. ఆమె రోజూ చేసే పనే అది. నీళ్లలో గుప్పెడు దొడ్డుప్పు వేసి మరీ పోస్తుంది. గుంట నడుమ ఒక ఇనుప కడ్డీ పాతి ఉండేది. ఎప్పుడో దూడను కట్టేసిన గూటం అనుకున్నాను. ఉప్పునీళ్లు పోయడం ఆ ఇంటి దేవుడికేదో మొక్కు అనుకున్నాను. కొత్త కోడలు అడగకూడని సంగతులు చాలా ఉంటాయి కదా, ఇదీ వాటిలో ఒకటని ఊరుకున్నాను.

ఆ పొద్దుట చిప్ దొరికింది. గబగబా పని మొదలుపెట్టాను. ఎండ ఎక్కింది. పనిమధ్యలో ఎర్ర అక్షరాలు మళ్లీ వచ్చాయి.

ఈసారి ఏడవలేదు. అంతకుముందు చేయని పని ఒకటి చేశాను. చిప్‌ను తీయకుండా, అది బోర్డు మీద కూర్చుని ఉండగానే వోల్టులు కొలిచాను. అయిదు ఉండాల్సిన చోట నాలుగు కూడా లేవు. చిప్ లేనప్పుడు అయిదు చూపించి, అది వచ్చి కూర్చుని కరెంటు తాగడం మొదలుపెట్టగానే పడిపోతోంది. అడాప్టర్ కొలిచాను, నీరసంగా ఉంది. గోడ సాకెట్ కొలిచాను. రెండువందల ముప్ఫై ఉండాల్సింది నూట యాభై దగ్గర కొట్టుకుంటోంది. కంప్యూటర్‌ను స్టెబిలైజర్ మోస్తోంది కాబట్టి నాకు ఇన్నాళ్లూ తెలియలేదు. ఊళ్లో కరెంటు తక్కువ వస్తోందనీ, అందరి ఇళ్లలోనూ ఇదే గోసనీ అనుకున్నాను. తల పైన ఫ్యాను కూడా ఈడ్చుకుంటూ తిరుగుతోంది.

అప్పుడే అత్తమ్మ గది ముందు నుంచి పోతూ లోపలికి తొంగి చూసింది. పంఖా వంక చూసింది.

"కరెంటు తగ్గినట్టుంది. ఆగు బిడ్డా, జెర నీళ్లు పోసొస్త" అంది.

నీళ్లకూ కరెంటుకూ ఏం సంబంధమని అడిగేలోపే వెళ్లిపోయింది. నేను మీటర్‌ను సాకెట్‌లో అలాగే ఉంచి కూర్చున్నాను. కాసేపటికి మీటర్‌లో అంకెలు కదిలాయి. నూట అరవై అయింది. నూట ఎనభై అయింది. ఇంకా ఎక్కుతున్నాయి. ఫ్యాను వేగం అందుకుంది. నేను నోరు వెళ్లబెట్టి చూస్తున్నాను. చేయి దానంతట అదే బటన్ మీదికి వెళ్లింది. పచ్చ అక్షరాలు. చిప్ దొరికింది.

కుర్చీ తన్నేసి పెరట్లోకి పరుగెత్తాను.

అత్తమ్మ గుంట అంచున తడిమట్టిలో వట్టికాళ్లతో నిలబడి ఉంది. కాళ్లు ఎడంగా పెట్టుకుంది. చేతిలో ఖాళీ చెంబు. కళ్లు మూసుకుని ఉంది. ఆమె ముఖంలో అంత హాయి నేనెప్పుడూ చూడలేదు.

"అత్తమ్మా, ఏం చేస్తున్నవ్?"

"ఉప్పునీళ్లు పోస్తె లైటు మంచిగొస్తది. మీ మామ చెప్పిండు, రోజు పోస్త."

"మరి గాడ నిలవడ్డవేంది?"

ఆమె కొంచెం సిగ్గుపడింది. "కాళ్లల్ల జివ్వుమంటది బిడ్డా. మోకాళ్లకు మంచిగుంటది. డాక్టర్ గోలీలు ఎన్ని మింగినా తగ్గలే, గీడ నిలవడితె జెర తగ్గుతది."

అప్పుడు చూశాను ఆ కడ్డీని. నేను గూటం అనుకున్న దాని మెడకు ఒక తీగ చుట్టి ఉంది. ఆ తీగ గోడ మీదుగా పాకి, వెంటిలేటర్ లోంచి మా ఇంట్లోకి వెళ్తోంది.

కరెంటు స్తంభం నుంచి ఇంట్లోకి ఒక తీగ మీద వస్తుంది, పని చేసి రెండో తీగ మీద తిరిగి స్తంభానికి వెళ్లిపోవాలి. మా ఇంట్లో ఆ రెండో తీగ స్తంభానికి వెళ్లడం లేదు. ఆ కడ్డీ దగ్గర భూమిలో దిగుతోంది. ఫ్యాను తిప్పిన కరెంటు, టీవీ ఆడించిన కరెంటు, నా కంప్యూటర్ నడిపిన కరెంటు, అన్నీ వచ్చి ఆమె పాదాల కింద మట్టిలోకి పోతున్నాయి. మట్టి ఎండితే పోవడానికి దారి చాలక ఇంట్లో వెలుగు తగ్గుతుంది, నా చిప్ దొరకదు. ఉప్పునీళ్లు పోస్తే దారి తెరుచుకుంటుంది, చిప్ దొరుకుతుంది. కడ్డీ దగ్గర కాళ్లు ఎంత ఎడంగా పెడితే ఒక కాలి నుంచి ఇంకో కాలికి అంత ఎక్కువ కరెంటు పోతుంది.

"అత్తమ్మా, దుంకకు. కాళ్లు దగ్గరికి తెచ్చుకొని మెల్లగ ఇవతలికి రా. గా కడ్డీని ముట్టకు."

"నేనెప్పుడు ముట్ట. ఒకసారి ముడితె గుంజి పడేసింది. కాళ్లతోనే మంచిగుంటది" అంది, ఏదో కిటుకు చెప్పినట్టు.

ఆమె బయటికి వచ్చాక మీటర్ తెచ్చాను. ఒక మొన కడ్డీకి ఆనించి, రెండో మొన ఆమె పాదాల గుర్తులు పడిన చోట మట్టిలో గుచ్చాను. అంకెలు ముప్ఫై దగ్గర నిలబడ్డాయి. అది మట్టి తడిగా ఉండి, ఒట్టి ఫ్యానూ కంప్యూటరూ నడుస్తున్నప్పుడు. ఇస్త్రీ పెట్టె పెట్టి ఉంటే? ఆ పడినప్పుడు కడ్డీని వదలలేకపోయి ఉంటే? నేను రోజూ ఆ కిటికీ పక్కన కూర్చుని, ఆమె చేసేది పూజ అనుకుంటూ, చిప్ మీద పళ్లు నూరుకున్నాను. ఇంట్లోకి వెళ్లి మెయిన్ స్విచ్ పడేశాను. అత్తమ్మను గడప మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను.

అత్తమ్మకు నేను చెప్పింది సగమే అర్థమైంది. ప్రాణం పోతుందన్న మాటకు మాత్రం ముఖం పాలిపోయింది. చెంబును ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

మధ్యాహ్నం మామ అన్నానికి వచ్చాడు. ముందు వాకిట్లో తోలు చెప్పులు విడిచి, వట్టికాళ్లతో లోపలికి వచ్చి, పంఖా వేసి, అది తిరగకపోతే నన్ను చూశాడు.

"కరెంటు పోయిందా?"

"నేనే బంద్ చేసిన మామా. పెరట్ల గా కడ్డీ ఏంది?"

ఆయన ముఖం వెలిగిపోయింది. "గదా? గాలిదుమారానికి స్తంభం కాడి కింది తీగ తెగింది. లైన్‌మన్ రేపు వస్త, మాపు వస్త అనుకుంట దినాలు గడిపిండు. వాన్ని బతిమాలుడేందని నేనే కడ్డీ పాతి తీగ కట్టిన. ఒక్క దినం చీకట్ల ఉండలే మనం. రా, చూపెడ్త."

కింది తీగంటే కరెంటు తిరిగి వెళ్లే ఆ రెండో తీగ. అది నేను పెళ్లయి రాకముందు జరిగిన సంగతి. చూపించడానికి ఆయన ముందు నడిచాడు, నేను వెనక. అత్తమ్మ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. పెరటి తలుపు పక్కన ఆయనవి పాత రబ్బరు చెప్పులు ఒక జత ఉండేవి. ఆయన కాళ్లు వాటిని వెతుక్కుని వేసుకున్నాయి. ఇంట్లోనూ, పొలం మడుల్లోనూ వట్టికాళ్లతో తిరిగే మనిషి, పది అడుగుల దూరానికి చెప్పులు వేసుకున్నాడు.

"మామా, చెప్పులెందుకు?"

"గాడ జెర కొడ్తది గద" అన్నాడు, వేడి గిన్నె మీద చెయ్యి వెయ్యకు అన్నంత మామూలుగా.

"కొడ్తదని నీకెరుకేనా?"

"ఎరుకలేకేంది? పాతిన దినమే కొట్టింది. అప్పటిసంది చెప్పుల్లేకుంట నేను అటు పోను."

"మరి అత్తమ్మకు చెప్పలేదా?"

ఆయన ఆలోచించాడు. తప్పించుకోవడానికి కాదు, నిజంగానే గుర్తు చేసుకోవడానికి ఆలోచించాడు. చెప్పాడో లేదో ఆయనకే గుర్తు లేదు.

"ఆమె ఏమనలే గద" అన్నాడు.

వెనక అత్తమ్మ చేతిలో చెంబు కింద పెట్టిన చప్పుడైంది. విసిరేయలేదు, మెల్లగానే పెట్టింది.

"నీకెరుకేనా?" అంది.

"జెరంతనే గదనే. ఇప్పుడేమైంది? మంచిగనే ఉన్నవ్ గద."

ఆమె ఆయన కాళ్లకున్న చెప్పుల వంక చూసింది. తర్వాత గోడ పట్టుకుని మెట్టు దిగి ఆయన దగ్గరికి వెళ్లింది.

"ఇప్పు" అంది.

"ఏంది?"

"చెప్పులు ఇప్పు."

విప్పాడు. ఆమె వాటిలో కాళ్లు పెట్టింది. పెద్దవి, మడమలు వెనక మిగిలిపోయాయి. వాటితోనే ఇంట్లోంచి, వాకిట్లోంచి, వీధిలోకి వెళ్లింది. లైన్‌మన్ ఉండేది ఊరికి ఆ చివరన. కుంటుకుంటూ వెళ్తున్న ఆమె వెనక నేను పరుగెత్తబోతే వద్దని చెయ్యి ఊపింది. నేను తిరిగి వచ్చేసరికి మామ గుంట పక్కనే ఉన్నాడు. మెయిన్ పడేశానని ఆయనకు తెలుసు. అయినా వట్టికాళ్లతో ఉన్నానని గుర్తొచ్చి, ఒక్క గెంతులో గడప మీదికి వచ్చాడు. నేను చూశానని ఆయన చూశాడు.

లైన్‌మన్‌ను అత్తమ్మ వెంటబెట్టుకునే వచ్చింది. ఆమె ఏం చెప్పిందో, అతను ఎందుకు వచ్చాడో నాకు తెలియదు. నిచ్చెన వేసి తెగిన తీగ అతికి, ఇంటి తీగను స్తంభానికి కలిపాడు. కడ్డీని చూసి రెండు చేతులూ చెవుల దాకా తీసుకెళ్లాడు. "అమ్మా, ఇన్నొద్దులు ఎట్ల బతికినవ్?" అని అత్తమ్మను అడిగాడు. మామ కడ్డీ పీకి గుంట పూడ్చాడు. ఎవరూ చెప్పకుండానే పూడ్చాడు.

సాయంత్రం కూర్చుని బటన్ నొక్కాను. పచ్చ అక్షరాలు. తీసి పెట్టాను, పచ్చ. ఎన్నిసార్లు నొక్కినా పచ్చే. ఆ క్షణం కోసం నేను ఎన్ని దినాలు తిండి సరిగా తినకుండా ఎదురుచూశానో. ఇప్పుడు నాకు కొంచెం కూడా సంతోషం కలగలేదు. తెర వంక చూస్తుంటే తడిమట్టిలో నిలబడిన ఆ కాళ్లే కనిపించాయి. చిప్ దొరికింది గానీ డబ్బా కాలేదు. రోజంతా కడ్డీతోనే పోయింది. తెల్లవారితే నాట్లు.

మర్నాడు పొద్దున టిఫిన్ డబ్బా సర్దుకుని వాకిట్లో నిలబడ్డాను. వెళ్లాలో వద్దో తెలియదు. మామ తలపాగా చుట్టుకుంటున్నాడు. నాటు వేసే ఆడవాళ్లు అప్పటికే పొలం దారి పట్టారు. ఆయన నా చేతిలో టిఫిన్ డబ్బా చూశాడు.

"ఎటు పోతున్నవ్? గా మోటర్ డబ్బ కాలే గద. మాట మాటనే అన్న."

కోపంగా అనలేదు. పాపం, ఆయన మాట మీద నిలబడే మనిషి. నేను తల దించుకుని లోపలికి తిరిగాను.

అత్తమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఆ రోజు పొద్దున ఉప్పునీళ్ల పని లేదు కాబట్టి మోకాళ్లు మరీ పట్టేసినట్టున్నాయి, తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. నన్ను చూడలేదు. ఆయననే చూసింది.

"ఎరుకుండి చెప్పనోని మాటకు ఇలువేంది?" అంది.

పెళ్లయి వచ్చాక ఆమె ఆయనకు ఎదురు చెప్పడం నేను వినలేదు. ఆయన కూడా వినలేదనుకుంటా. తలపాగా కొస చేతిలోనే ఉండిపోయింది.

"నువ్వు పో బిడ్డా. బస్సొస్తది" అంది అత్తమ్మ. "ఇగ గా మనిషిని అడగకు."

నేను వెళ్లాను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. మామ చెడ్డవాడైతే నాకు ఇంత భయం వేసేది కాదు. ఆయన చెడ్డవాడు కాదు. తను చెప్పులు వేసుకోవాలని మొదటి రోజే తెలుసుకున్నాడు, ఆమె కాళ్లు ఆయనకు గుర్తు రాలేదు, అంతే. టెస్టింగ్ సెక్షన్ అక్క ముందు సీటులోంచి వెనక్కి తిరిగి చిప్ దొరికిందా అని అడిగింది. దొరికిందని చెప్పాను. ఎక్కడ తప్పు ఉందే మరి అని అడిగింది. మా ఇంట్లోనే అక్కా, అన్నాను.